గోడలను దాటిన కిరణము: ఆచార్య జగదీశచంద్ర బోసు



ఈ పర్యాయము మేము మీ ముందుంచదలచినది ఒక విజ్ఞానవేత్త జీవితము. ఆయన మన రాయచూరు సీమవాడు కాడు. మన తెలుగువాడును కాడు. అయినను నేడు మన యిండ్లలో ప్రవేశించిన యొక చిన్న యంత్రమునకును, పిల్లల చదువును గూర్చి మనలో చాలమందిని వేధించుచున్న యొక పెద్ద సందేహమునకును ఆయన జీవితముతో సంబంధము కలదు. ఆ సంబంధము మాకెట్లు తట్టినదో ముందుగా విన్నవించి, తరువాత కథలోనికి పోవుదుము.

కొంతకాలము క్రిందట, సింధనూరు తాలూకాలో తుంగభద్ర ఎడమ కాలువ క్రింద వెలసిన యొక క్యాంపులో మా విద్యార్థి యొకని యింటికి మేము పోవలసివచ్చెను. బాలుడు ఎస్.ఎస్.ఎల్.సి. చదువుచుండెను. వారి యింటి ముందరి గది పాతది, రాతి గోడలది. దాని వెనుక వంటయిల్లు. ఆ వెనుక ఇటీవల కట్టిన సిమెంటు గది. ఫైబరు తీగ వీథినుండి ముందరి గదిలోనికి వచ్చి మోడెములో ముగియుచున్నది. బాలుడు చదువుకొను గది మాత్రము వెనుకటిది. ముందరి గదిలో చక్కగా అందు వై-ఫై వెనుక గదికి చేరునప్పటికి సన్నగిల్లి, ఫోనులోని పాఠము నడుమనే నిలిచిపోవుచుండెను. అందుచే తండ్రిగారు రాయచూరునుండి రెండు పెట్టెలుగల మెష్ రూటరు నొకదానిని కొనితెచ్చిరి.

దానితో వచ్చిన కాగితము ఆంగ్లమున నుండెను. బాలుడు అక్షరములు చదివెనే గాని భావము పట్టలేకపోయెను. క్రొత్తది వచ్చినది గనుక పాతదానితో పనిలేదని తలచి, మోడెమును విప్పి ప్రక్కన పెట్టెను. దానితో ఉన్నదియు పోయెను. మేమును పోయి తోచినది చేసితిమి. మోడెమును మరల తగిలించి, మొదటి పెట్టెను దానికి కలిపి, రెండవ పెట్టెను సరాసరి వెనుక గదిలోనే ఉంచితిమి. ఎఱ్ఱదీపము వెలిగినది గాని పని జరుగలేదు. అప్పుడు ఆ తల్లిగారు, మాస్టరుగారు నొచ్చుకొనవలదని ముందుగా అనియే, తెలుగు మాధ్యమమున చదువుటచేత తమ బిడ్డకు ఈపాటి కాగితమైనను అర్థము కాలేదనియు, చిన్న పిల్లనైనను రాబోవు సంవత్సరము ఆంగ్ల మాధ్యమమునకు మార్చుదుమనియు చెప్పిరి. తెలుగు నేర్పి బ్రతుకు మాకు ఆ మాట ముల్లువలె గ్రుచ్చుకొనెను. సమాధానము తోచక యింటికి వచ్చితిమి. ఆ రాత్రి మాకు జ్ఞప్తికి వచ్చినవాడు జగదీశచంద్ర బోసు.

జగదీశచంద్రుడు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమునందలి మైమెన్‌సింగులో జన్మించెను. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములో నున్నది. తండ్రి భగవాన్ చంద్ర బోసు ఫరీదుపూరులో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేసెను. ఆ దినములలో బిడ్డలను ఆంగ్ల పాఠశాలకు పంపుట గొప్పతనమునకు గుర్తు. అంతటి పదవిలో నున్నవాడు కోరినచో కుమారునకు అట్టి పాఠశాల కరవు కాదు. అయినను ఆయన బాలుని వంగభాషలో బోధించు గ్రామీణ పాఠశాలకే పంపెను. పరభాష నేర్చుటకు ముందు బిడ్డకు తన భాషయు, తన చుట్టునున్న ప్రజలును తెలియవలెనని ఆయన నమ్మకము.

ఆ పాఠశాలలో జగదీశునకు కుడిప్రక్కన తండ్రిగారి కచేరీలోని ముసల్మాను బంట్రోతు కుమారుడును, ఎడమప్రక్కన ఒక బెస్తవాని కుమారుడును కూర్చుండెడివారు. వారు చెప్పు పక్షుల కథలు, నీటిలోని ప్రాణుల కథలు ఈ బాలుడు నోరు తెరచుకొని వినెడివాడు. ప్రకృతిని పరిశీలింపవలెనను కోరిక తనకు ఆ మిత్రుల మాటలవలననే పుట్టెనని పెద్దవాడైన పిమ్మట ఆయన సభాముఖమున చెప్పుకొనెను. ఆ మిత్రులు ఇంటికి వచ్చినపుడు తల్లిగారు కుల భేదము పాటింపక అందరికిని సమానముగా అన్నము పెట్టెడివారు. బాలుని పాఠశాలకు తీసికొనిపోవుచుండిన సేవకుడు పూర్వము బందిపోటు. భగవాన్ చంద్రుడు విధించిన శిక్షనే అనుభవించి వచ్చి, బ్రతుకుతెరువు లేక ఆయననే ఆశ్రయించినవాడు. అతడు చెప్పు సాహస కథలు, ఊరిలో ఆడు జాత్రా నాటకములు బాలునకు రెండవ బడి. ఆ నాటకములలో అతనికి మిక్కిలి నచ్చినవాడు కర్ణుడు. ఎదురుగాలిలోనే బ్రతికి, ఓడినను తలవంచని ఆ వీరుని పోకడ ఆయనను జీవితాంతము వదలలేదు.

ఇట్లు మాతృభాషలో పునాది పడిన పిమ్మట 1869లో జగదీశుడు కలకత్తాకు పంపబడెను. కొద్ది నెలలు హేర్ పాఠశాలలోను, తరువాత సెయింట్ జేవియర్స్ పాఠశాలలోను చదివెను. అక్కడ తోటివారిలో ఆంగ్ల బాలురు పెక్కండ్రు. పల్లెనుండి వచ్చిన యీ పిల్లవానికి వారి మాటయు, వారి ఆటయు క్రొత్తవి. కొంతకాలము ఎగతాళియు పడెను. కాని వెనుకంజ వేయలేదు. అక్కడి కళాశాలలో ఫాదర్ లాఫాన్ అను ఆచార్యుడు ప్రయోగములు చేసి చూపుచు భౌతికశాస్త్రము బోధించుటలో ప్రసిద్ధుడు. కంటితో చూచి, చేతితో చేసి నేర్చుట యెట్టిదో జగదీశునకు ఆయనవద్ద తెలిసెను.

1880లో జగదీశుడు వైద్యవిద్యకై లండను నగరమునకు పోయెను. కాని దేశమునుండియే వెంటవచ్చిన జ్వరము శవపరిశోధన గదిలో మరింత ముదిరెను. వైద్యము మానవలసివచ్చెను. అంతట కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో చేరి ప్రకృతి శాస్త్రములు అభ్యసించెను. లార్డ్ రేలీ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు అక్కడ ఆయనకు గురువు. 1884లో పట్టము పొంది, మరుసటి సంవత్సరము స్వదేశమునకు తిరిగివచ్చెను.

1885లో ఆయనకు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్య పదవి లభించెను. భారతీయులు శాస్త్రములు బోధించుటకు తగరని నమ్మిన అధికారులున్న కాలమది. ఐరోపావారికిచ్చు వేతనములో మూడింట రెండు వంతులే భారతీయునకు ఇచ్చెడివారు. ఉద్యోగము తాత్కాలికమనుచు బోసుగారికి అందులోను సగమే నిర్ణయించిరి. అనగా ఒకే తరగతిలో ఒకే పాఠము చెప్పినను ఆయనకు దక్కునది మూడవ వంతు. ఆయన వాదులాడలేదు, పని మానలేదు. జీతము మాత్రము ముట్టలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడు సంవత్సరములు అట్లు గడపెను. ఆ దినములలోనే తండ్రి తలపెట్టిన పరిశ్రమలు నష్టపడి కుటుంబము అప్పులలో మునిగియుండెను. 1887లో అబలాదేవితో వివాహమయ్యెను. ఆమెయు సామాన్యురాలు కాదు. వంగదేశమున స్త్రీలకు వైద్యవిద్య దొరకని కాలమున మన దక్షిణాదికి, మద్రాసునకు, వచ్చి చదివిన సాహసవంతురాలు. ఆ దంపతులు లేమిని ఓర్పుతో భరించిరి. తుదకు అధికారులే వంగి, ఆయన పదవిని స్థిరపరచి, మూడేండ్ల పూర్తి వేతనమును ఒక్కసారిగా చెల్లించిరి. ఆ సొమ్ముతో ఆయన తండ్రి అప్పులు తీర్చెను.

ఇక ఆయన పరిశోధనను తెలిసికొనుటకు ముందు తరంగముల సంగతి కొంచెము చెప్పవలెను. చెఱువులో రాయి వేసినపుడు అలలు వలయములుగా వ్యాపించుట మీరు చూచియున్నారు. విద్యుత్తు, అయస్కాంతత్వము కలిసి అట్టి అలలనే శూన్యములోను పుట్టింపగలవనియు, వెలుతురు కూడ అట్టి అలయే ననియు మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు 1860 దశకమున గణితముచే నిరూపించెను. జర్మనీలో హెర్ట్జ్ అను యువకుడు 1887, 1888 సంవత్సరములలో ఆ అలలను ప్రయోగశాలలో పుట్టించి చూపెను. ఒక అల శిఖరమునుండి మరియొక అల శిఖరమునకు గల దూరమును తరంగదైర్ఘ్యమందురు. హెర్ట్జ్ పుట్టించిన అలల దైర్ఘ్యము పదుల సెంటీమీటర్లనుండి మీటర్లవరకు ఉండెను. ఆ యువకుడు 1894 జనవరి 1వ తేదీన, ముప్పదియారేండ్ల ప్రాయముననే మరణించెను.

అదే సంవత్సరము నవంబరు 30న జగదీశచంద్రునకు ముప్పదియారేండ్లు నిండెను. ఆ జన్మదినమున ఆయన తన శేషజీవితమును పరిశోధనకు అంకితము చేయుదునని నిశ్చయించుకొనెను. కళాశాలలో ఆయనకు దొరికినది ఇరువది నాలుగు చదరపు అడుగుల చిన్న గది. పరికరములు కొనుటకు ధనము లేదు. చదువురాని యొక రేకుపనివానికి తానే పని నేర్పి, అతనిచేత పరికరములు చేయించెను. హెర్ట్జ్ వాడిన పెద్ద అలలకు పెద్ద గదులు, పెద్ద అద్దములు కావలెను. అలను చిన్నది చేసినచో అది వెలుతురు కిరణమువలె తిన్నగా పోవును, పరికరములన్నియు ఒక బల్లపై ఇమిడిపోవును. ఈ యూహతో బోసుగారు 5 మిల్లీమీటర్లవరకు కురచయైన అలలను పుట్టించెను. ఇంతటి చిన్న అలలతో అంత నిశితముగా పనిచేసినవారు ఆనాడు లోకమున మరెవ్వరును లేరు.

ఆయన వాడిన వస్తువులను చూడుడు. గంధకముతో పట్టకము చేసెను. జనపనారను మెలివేసి కట్టలుగా కట్టి, దాని గుండ కిరణమును పంపి, దాని ధ్రువణము తిరుగుటను చూపెను. రైల్వే వేళల పుస్తకము కాగితముల నడుమ తగరపు రేకులుంచి, దానినే ధ్రువణ సాధనముగా వాడెను. అలలను విడుచుటకు, గ్రహించుటకు కొమ్ముబూరవంటి లోహపు గరాటులను అమర్చెను. మన చేతికందు వస్తువులే ఆయనకు శాస్త్రపరికరములు. 1895లో ఆయన మొదటి వ్యాసము వంగదేశపు ఏషియాటిక్ సొసైటీలో వెలువడెను. మరుసటి ఏట లండను విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టమిచ్చెను.

1895లోనే కలకత్తాలో ఆయన జరిపిన ప్రదర్శన చిరస్మరణీయము. అధ్యక్షుడు వంగరాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరు. ఉపన్యాస మందిరమునుండి వెలువడిన అదృశ్య కిరణము, ఆ అధ్యక్షుని శరీరమును, మూడు గట్టి గోడలను దాటి, డెబ్బదియైదు అడుగుల దూరమున మరియొక గదిలో నున్న గ్రాహకమును చేరెను. అక్కడ గంట మ్రోగెను, పిస్తోలు పేలెను, కొంచెము తుపాకిమందు భగ్గుమనెను. నడుమ ఒక్క తీగయైన లేదు. చూచినవారు నివ్వెరపోయిరి. 1897 జనవరి 29న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆయన ఈ ప్రయోగములను ఆంగ్ల విద్వాంసుల యెదుట చేసి చూపెను.

విద్యార్థులారా! కిరణము గోడ దాటెనని ఆశ్చర్యపడి ఊరకుండుట బోసుగారి స్వభావము కాదు. ఏ వస్తువు దానిని పోనిచ్చును, ఏ వస్తువు అడ్డగించును, ఏ వస్తువు త్రిప్పికొట్టును అని ఒక్కొక్కదానిని పరీక్షించెను. కంటికి గుడ్డిదైన ఇటుక ఆ కిరణమును పోనిచ్చెను. నల్లని తారు పోనిచ్చెను. కంటికి స్వచ్ఛమైన నీరు దానిని అడ్డగించెను. లోహపు రేకు దానిని వెనుకకు కొట్టెను. కంటికి కనబడు వెలుతురునకు ఒక న్యాయము, కనబడని వెలుతురునకు మరియొక న్యాయము. ఈ సంగతి చదివినప్పుడే, క్యాంపులోని యింటిలో మేము చేసిన తప్పు మాకు తెలిసివచ్చెను.

వై-ఫై యనునది బోసుగారు పరిశీలించిన జాతి అలయే. మన యిండ్లలో సాధారణముగా వాడు 2.4 గిగాహెర్ట్జుల అల సుమారు పండ్రెండున్నర సెంటీమీటర్ల పొడవు. 5 గిగాహెర్ట్జులది సుమారు ఆరు సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంత మేలుగా దాటును. రెండవది వేగము ఎక్కువగా మోయును గాని త్వరగా సన్నగిల్లును. బోసుగారి అల మూడు గోడలు దాటగా మన అల రెండు గోడలకే ఏల తడబడునని మీరు అడుగవచ్చును. గంట మ్రోగుటకు ఒక్క తాకిడి చాలును. పాఠపు చిత్రము కదలవలెనన్నచో క్షణమునకు లక్షలకొలది సంకేతములు చెదరక చేరవలెను. అందుచే కొద్దిపాటి బలహీనతయైనను మనకు లోపముగా కనబడును. ఆ యింటి వంటగదిలో మోడెమునకును వెనుక గదికిని నడుమ ఇనుప బీరువాయు, నీళ్ళ డ్రమ్మును ఉండెను. ఒకటి కిరణమును త్రిప్పికొట్టునది, ఒకటి మ్రింగివేయునది. ఇనుప కమ్ములుగల సిమెంటు గోడ సరేసరి.

మరుసటి ఆదివారము మేము మరల అక్కడికి పోయితిమి. ఈ మారు పెట్టెలను ముట్టక, బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బోసుగారి ప్రయోగమంతయు తెలుగులో చెప్పితిమి. తరువాత ఆంగ్ల కాగితమును అతనిచేతనే వాక్యము వాక్యముగా చదివించితిమి. ఇప్పుడతనికి భావము తెలిసెను. పని అతడే చేసెను. మీకును ఉపయోగపడునని ఆ క్రమము ఇక్కడ వ్రాయుచున్నాము.

మోడెము వీథిలోని తీగనుండి ఇంటర్నెట్టును తెచ్చునది. మెష్ పెట్టెలు దానిని యింటిలో పంచునవి. కావున మోడెమును తీసివేయరాదు. మొదట మోడెమును ఆపి, దాని లాన్ రంధ్రమునుండి మొదటి పెట్టెయొక్క వాన్ రంధ్రమునకు నెట్‌వర్కు కేబులు తగిలింపవలెను. తరువాత మోడెమును వెలిగించి, దాని దీపములు కుదుటబడు వరకు ఆగి, అటుపిమ్మట మొదటి పెట్టెను వెలిగింపవలెను. తయారీదారుల యాప్ ఫోనులో వేసికొని, అది అడిగినట్లు వై-ఫైకి ఒక పేరును, ఇతరులు ఊహింపలేని సంకేతపదమును ఇయ్యవలెను. రెండవ పెట్టెను మొదట ఈ పెట్టె సమీపముననే వెలిగించి, జతపరచి, ఆ పిమ్మట దాని చోటికి తీసికొనిపోవలెను.

ఆ చోటు ఏది? ఇక్కడనే మేము పొరపడితిమి. అల అందని గదిలో పెట్టినచో అది దేనిని గ్రహించును, దేనిని పంచును? తనకు బాగుగా అందినదానినే అది ముందుకు పంపగలదు. కావున మొదటి పెట్టెకును, అల అందని గదికిని నడిమధ్య, ఇంకను అల బలముగా నున్నచోట, బీరువాలకును నీళ్ళ తొట్లకును దూరముగా, కొంచెము ఎత్తున ఉంచవలెను. బాలుడు దానిని వంటయింటి గుమ్మము ప్రక్కనున్న గూటిలో పెట్టెను. దీపము రంగు మారెను. వెనుక గదిలో పాఠము ఆగక సాగెను.

మరియొక చిక్కు కలదు. చాల మోడెములు తామే రూటరు పనియు చేయును. అప్పుడు ఒకే యింట ఇద్దరు యజమానులు వేర్వేరుగా చిరునామాలు పంచినట్లగును. కొన్ని పనులు తడబడును. అట్టిచో మెష్ పెట్టెను యాక్సెస్ పాయింటు పద్ధతికి మార్చుట సులభమైన మార్గము. మోడెమునే బ్రిడ్జి పద్ధతికి మార్చుట మరియొక మార్గము. దానికి ఇంటర్నెట్టు ఇచ్చువారిని అడుగవలెను. మోడెముయొక్క సొంత వై-ఫైని ఆపివేసినచో ఫోను ఏదో తెలియక బలహీనమైనదానిని పట్టుకొనుట తప్పును. వీలున్నచో రెండు పెట్టెల నడుమ కేబులు వేయుట ఉత్తమము. గాలిలో చేతులు మారినకొలది వేగము కొంత తగ్గును. తీగలో వచ్చుదానికంటె ఎక్కువ వేగమును ఏ పెట్టెయు పుట్టింపజాలదని గూడ గుర్తుంచుకొనవలెను.

మరల మన కథానాయకునికడకు పోవుదము. 1899లో బోసుగారు ఇనుము, పాదరసముతో చేసిన క్రొత్త గ్రాహకమును రాయల్ సొసైటీకి తెలిపెను. 1901 డిసెంబరులో మార్కొనీ అట్లాంటిక్ సముద్రము మీదుగా తంతిలేని వార్తను అందుకొన్నపుడు వాడిన సాధనము దీనిని పోలియున్నదని తరువాతి పరిశోధకులు వ్రాసిరి. 1909లో మార్కొనీకి బ్రౌనుతో కలిపి నోబెలు బహుమానము వచ్చెను. బోసుగారికి రాలేదు. వార్తలు పంపు వ్యాపారమును నిర్మించినది మార్కొనీయే. ఆ గౌరవము ఆయనకు చెల్లవలసినదే. బోసుగారి దృష్టి వ్యాపారముపై లేదు. 1901లో లండనులో ఒక తంతి వ్యాపారి ఆయన కనుగొన్న గ్రాహకమునకు పేటెంటు హక్కు తీసికొని లాభము పంచుకొందమని వచ్చెను. ఆయన నిరాకరించెను. జ్ఞానము అందరిదని ఆయన విశ్వాసము. మిత్రురాలు సారా బుల్, సోదరి నివేదిత పట్టుబట్టగా అమెరికాలో ఒక పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. అది 1904 మార్చి 29న 7,55,840 సంఖ్యతో లభించెను. గెలీనా అను సీసపు ఖనిజముతో చేసిన ఆ గ్రాహకము అర్ధవాహక సాధనములలో మొట్టమొదట పేటెంటు పొందినదిగా నేడు గణింపబడుచున్నది. దానివలన ఆయన ఒక్క కాసైనను సంపాదింపక, గడువు ముగిసిపోనిచ్చెను.

కాలక్రమమున ఆయన దృష్టి చెట్టుచేమలవైపు మరలెను. తన గ్రాహకములలోని లోహము పనిచేసి చేసి అలసినట్లగుట చూచి, జీవమున్నవానికిని లేనివానికిని పోలికలను వెదకెను. అత్తిపత్తి ఆకు ముడుచుకొనుటలో విద్యుత్తు పాత్రను పరీక్షించెను. మొక్క ఎదుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపు క్రెస్కోగ్రాఫు అను యంత్రమును నిర్మించెను. ఈ పరిశోధనలను కొందరు శరీరశాస్త్రజ్ఞులు గట్టిగా ఎదిరించిరి. ఆయన చెప్పినవానిలో కొన్ని నిలిచెను, కొన్నిటిపై వాదములు మిగిలెను. కాని యంత్రముల సునిశితత్వమును కాదన్నవారు అరుదు. 1920లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

ఇంత కీర్తి వచ్చినను ఆయన తన భాషను మరువలేదు. తాను కనుగొన్నదానిని వంగభాషలో బాలురకును, సామాన్యులకును అర్థమగునట్లు వ్రాసెను. అదృశ్య కిరణములపై ఆయన వ్రాసిన వ్యాసము, మరికొన్ని రచనలతో కలిసి 1921లో అవ్యక్త అను గ్రంథముగా వెలువడెను. 1896లో ఆయన వ్రాసిన యొక కథ, తలనూనె తయారుచేయువారు జరిపిన పోటీలో బహుమతి పొందెను. సముద్రములో చెలరేగిన తుపానును ఒక సీసా తలనూనెతో అణచిన వింత ఆ కథకు వస్తువు. వంగభాషలో వెలువడిన తొలి విజ్ఞాన కల్పనలలో అది యొకటి. వంగీయ సాహిత్య పరిషత్తునకు ఆయన అధ్యక్షత వహించెను. ఆంగ్లమున లండను పండితులను మెప్పించిన నాలుకయే మాతృభాషలో పిల్లలకు కథ చెప్పినది.

1917 నవంబరు 30న, తన యేబది తొమ్మిదవ జన్మదినమున, ఆయన కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించి జాతికి సమర్పించెను. అక్కడ కనుగొనబడునది అందరి సొత్తుగా ప్రకటింపబడవలెననియు, పేటెంట్లు తీసికొనరాదనియు నియమము చేసెను. ఆయన చేయించిన పరికరములు నేటికిని ఆ సంస్థలో భద్రముగా నున్నవి. 1937 నవంబరు 23న, నేటి జార్ఖండులోని గిరిదిలో ఆయన కన్నుమూసెను. డెబ్బదితొమ్మిది నిండుటకు ఏడు దినములే తక్కువ. 2012లో విద్యుత్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థయైన ఐ.ఇ.ఇ.ఇ. ఆయన ప్రయోగములను చరిత్రలో మైలురాయిగా గుర్తించెను. విచిత్రమేమనగా, అదే సంవత్సరము ఆ సంస్థయే ఆమోదించిన యొక వై-ఫై ప్రమాణము 60 గిగాహెర్ట్జుల అలను, అనగా బోసుగారి 5 మిల్లీమీటర్ల అలను, వాడుటకు ఏర్పడినది.

తలిదండ్రులారా! ఈ జీవితమునుండి ఆంగ్లము వలదని మేము చెప్పబోవుట లేదు. బోసుగారు ఆంగ్లము చక్కగా నేర్చెను. మన పిల్లలును నేర్వవలెను. మనమున్న రాష్ట్రపు భాషయైన కన్నడమును ప్రేమతో నేర్వవలెను. 1956లో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరిన నాటినుండి ఇక్కడి తెలుగు కుటుంబముల పిల్లలు ఇంట ఒక భాష, బజారులో ఒక భాష, పుస్తకములో ఒక భాష మోయుచునే పెరుగుచున్నారు. అది భారము కాదు, బలము. కాని భావము మొదట ఏదో యొక భాషలో గట్టిగా అందవలెను. రెండవ పెట్టె తనకు అందినదానినే ముందుకు పంపగలదని మేము ఆ వంటయింటి గుమ్మముకడ నేర్చుకొంటిమి. బిడ్డ మనస్సును అంతియే. అర్థమైన భాషలో బలముగా అందినది తక్కిన భాషలలోనికి పోగలదు. అందనిదానిని ఏ మాధ్యమమును మోయజాలదు.

మా వంతు లోపమును మేము ఒప్పుకొనుచున్నాము. పాఠములోని తరంగములను, ఇంటిలోని పెట్టెను మేము కలిపి చెప్పియుండలేదు. ఆంగ్ల కాగితమును చేతబట్టి చదువుట నేర్పలేదు. ఆ దినమునుండి వారమునకొక గంట, మందుసీసా మీది చీటీ మొదలు యంత్రముల కాగితము వరకు, నిత్యము వాడు ఆంగ్ల పత్రములను తెలుగు వివరణతో చదివించుచున్నాము. ఆ బాలుని తల్లిగారు అప్పుడప్పుడు ఫోను చేయుదురు. చిన్న పిల్ల ఈ సంవత్సరము మా పాఠశాలలోనే చేరినది. మొన్న మేము తరగతిలో నీరు కిరణమును ఆపునని చెప్పగా, ఇంటిలోని డ్రమ్మును తన అన్న ఏల ప్రక్కకు జరిపెనో తనకు తెలియునని అందరికంటె ముందుగా చేయి ఎత్తినది ఆ పిల్లయే.